ఊపిరి పట్టినోడు

సోమశిల రేవుకాడ బోర్లేసిన పుట్టి మీద కూసొని
మేం నలుగురం కొట్లాడుకునేటోళ్లం.

మన్యం మాట ఒక్కటే.
హీరోకు పవర్ పుట్టుకతోనే రావాలె,
కొనుక్కుంటే అది పవర్ కాదు, సామాను.
జమ్ములు వాళ్లయ్య కొల్లాపూర్ల మోటర్లకు వైండింగ్ జేస్తడు.
వాడంటడు: సూటుండాలె, బటనుండాలె,
చెడిపోతే ఇప్పి బాగుచేసుకోవాలె.
పుట్టుకతో వచ్చింది పాడైతే ఎవనికి చూపిస్తవ్‌రా?
పర్వతాలు ఎవ్వరి దిక్కూ మాట్లాడడు,
లాగు జేబుల కెల్లి బుడ్డలు తీసి
ఒలిచి ఒలిచి అందరికీ సమానంగ పంచుతడు.
నేను ఆడపిల్లనని జట్టుల లెక్కలేదు,
తీర్పు మాత్రం నన్నే చెప్పమంటరు.

నాకు తెల్వక మా మామ కుర్మయ్యను అడిగినం.
ఏరు ఎవరినన్న మింగితే
ఠాణాల కెల్లి ఫోను ఆయనకే వస్తది.
కృష్ణ ఎర్రగ పారే దినాలల్ల
నీళ్లల్ల కండ్లు పనిచెయ్యవు, కాళ్లతోని చూస్తడు.
బురద ఎట్లుంటదో, బండ ఎట్లుంటదో,
తడిసిన చీర ఎట్లుంటదో మడిమెకు తెలుస్తదట.

వల చిక్కు తీస్కుంటనే అన్నడు:
"ఊపిరి పుట్టుకతోనే వచ్చింది కోడలా, అందరికొచ్చినట్టే.
పట్టుడు నేర్చుకున్న.
యాడ ఇడువాల్నో, అదే ఇంకా తెలుస్తలేదు."
నేనే గెలిచిన అన్నడు మన్యం.
నేనే అన్నడు జమ్ములు.
పర్వతాలు మామకు గూడ నాలుగు బుడ్డలు పెట్టిండు.

ఆ వానకాలం,
బంతి కోసం దిగిండు పర్వతాలు.

పట్నం కెల్లి జీపుల వచ్చిన్రు.
నల్ల సూట్లు, వీపుకు సిలిండర్లు,
నీళ్లల్లకు దించే కెమెరా.
మేం గీసుకున్న బొమ్మలన్నీ లేచొచ్చినట్టే ఉన్నది,
జమ్ములు మాత్రం అటు దిక్కు చూస్తలేడు.
రెండు దినాలు కెమెరాల ఎరుపే.
మామకు గూడ ఒక సిలిండర్ తొడిగిన్రు.
ఇట్ల మునిగిండు, అట్ల తేలిండు.
"నా సప్పుడే నాకు ఇనవడ్తున్నది సారూ,
నీళ్ల సప్పుడు ఇనవడ్తలేదు."
ఇప్పి ఒడ్డున పెట్టి ఉత్త ఛాతితోని దిగిండు.

నడుముకు తాడు కట్టింది మాత్రం ఆ సూటాయనే.
ఏరు గుంజితే ఆయన అరచేతులు తెగినయ్,
ఇడువలె.
మూడోసారికి తెచ్చిండు మామ.
బంతి దొరకలె.

ఎవని చేతిలనో ఫోను, "హీరో, ఇటు చూడన్నా" అన్నడు.
మామ ముఖం తుడుచుకుంటనే అన్నడు:
"నేనెప్పుడు వస్తనో తెలుసా బిడ్డా?
అంతా అయిపోయినంక."

ఆ మునుగుడుకే కుడిచెవు పోయింది.
పాలమూరు డాక్టరు మిషను పెట్టుకొమ్మన్నడు.
పొద్దంతా అది అంగీ జేబుల అగ్గిపెట్టె పక్కన పండుకుంటది.
బడి ఇడిచి పోరగాళ్లు రేవు దిక్కు వచ్చేయాల్లకు
ఊది, తుడిచి, చెవుల పెట్టుకుంటడు.
ఎవడు నవ్వుతున్నడు, ఎవడు అరుస్తున్నడు
ఏర్పాటు చెయ్యాలెనట.

పెద్దవల అమ్మిండు.
ఆ పైసలతోని కొల్లాపూర్ల పాత లారీ ట్యూబులు కొన్నడు, ఆరు.
రేవు పొడుగునా గూటాలు పాతి
ఒక్కోదాన్ని పొడుగు తాడుతోని కట్టిండు.
పుట్టుకతో వచ్చింది కాదు, బటన్ గూడ లేదు,
ఎవ్వలైనా ఇసిరెయ్యొచ్చు.
నేను గూడ.

మన్యం, జమ్ములు ఇప్పుడా ముచ్చట ఎత్తరు.
నా తీర్పు ఇంకా బాకీనే ఉన్నది.

ఐతారం ఐతారం మామ
పెద్ద గంగాళంల నీళ్లు పోసి
ట్యూబు ముంచి, మెల్లగ తిప్పుతడు.
జమ్ములు పంచరు అతుకు పట్టుకొని కూసుంటడు.
నేను వంగి చూస్త,
ఊపిరి యాడ పోతున్నదో,
ఏ మూలకెల్లి ఒక చిన్న బుడగ లేస్తదో.